చేతులెత్తినవాళ్లు

గేటుకి ఒక రెక్క ఊదా రంగులోకి మారిపోయింది. రెండో రెక్క ఇంకా పాత ఆకుపచ్చలోనే ఉంది. ఆ రెక్కకి ఆనించి కుర్చీ వేసుకుని అత్తగారు కూర్చుంది.

రంగులేసే మనిషి డబ్బా చేత్తో పట్టుకుని, ఆవిడ లేస్తుందేమోనని పొద్దుటి నుంచీ చూస్తున్నాడు. ఆవిడ లేచే రకం కాదని కోడలికి తెలుసు. వంటింటి కిటికీలోంచి అంతా చూస్తూ, కప్పులు కడుగుతూ, ఆమె లోలోపలే అత్తగారికి నూటికి నూరు మార్కులు వేసేసింది.

"పెద్దమ్మా, కాస్త జరిగితే..."

"జరగను. నీ డబ్బాకి మూత పెట్టుకో, ఎండిపోతుంది."

"కౌన్సిలర్‌గారు త్వరగా కానిమ్మన్నారమ్మా. ఫొటోల వాళ్లొస్తారంట."

"ఆ కౌన్సిలర్ని కన్నది నేనే. నాకు చెప్పకుండా వాడు పార్టీ మారొచ్చు గానీ, నన్ను లేపకుండా గేటు రంగు మార్చలేడు."

రంగులాయన గోడ వారగా చతికిలబడ్డాడు. "నాదేముందమ్మా. ఎన్నికలకోసారి ఈ వీధి గేట్లన్నీ నేనే వేస్తా. లాయరుగారి గేటైతే ఇంక ఇనుమనేదే లేదు, రంగే గట్టిపడి గేటై నిలబడింది."

అప్పుడొచ్చాడు కౌన్సిలర్, ఫోను చెవికి ఆనించుకుని. తెల్లచొక్కా జేబు మీద చిన్న పళ్లెమంత ఊదా బిళ్ల. మూడు రోజుల కిందట కౌన్సిల్ సమావేశంలో, తన వెనక నలుగురు సభ్యుల్ని వేసుకుని, ఆ పక్క కుర్చీల్లోంచి లేచి ఈ పక్క కుర్చీల్లో కూర్చున్నాడాయన. మధ్యలో ఉన్నది మహా అయితే నాలుగడుగుల తివాచీ. దాన్ని ఎందుకు దాటాల్సి వచ్చిందో చెప్పడానికి మాత్రం గంటన్నర పట్టింది.

"అమ్మా, వీధంతా చూస్తోంది."

"చూడనీ. పొద్దున్నే వాళ్లకీ కాలక్షేపం ఉండాలిగా."

"ఇది పార్టీ మారడం కాదని నీకెన్నిసార్లు చెప్పాలి? దీన్ని పునరేకీకరణ అంటారు. ఊరి బాగు కోసం శక్తులన్నీ ఒక తాటి మీదకి..."

"ఆ మాట నోరు తిరగడానికి ఎన్నాళ్లు పట్టిందిరా నీకు?"

రంగులాయనకి నవ్వొచ్చింది. దాన్ని దగ్గులోకి మార్చుకుని, బ్రష్షుని తెగ పరీక్షగా చూడడం మొదలుపెట్టాడు.

"మీ నాన్న మూడు రోజులుగా నోరు విప్పలేదు," అంది ఆవిడ. "ఆకుపచ్చ పార్టీకి ఈ ఊళ్లో మొదటి జెండాకర్ర పాతింది ఆయన. ఆ మనిషి గదిలో గోడకేసి చూస్తూ కూర్చుంటే, నువ్విక్కడ గేటుకి సోకులు చేయిస్తున్నావ్."

"నాన్నకి నేను నచ్చచెప్తానులే."

"అవును మరి. తక్కెడలో గెంతే కప్ప పోయి గుండ్రాయికి నచ్చచెప్తుందట!"

కౌన్సిలర్ రంగులాయన వైపు తిరిగాడు. "ఆవిడ లేచాక వెయ్యి," అన్నాడు, తనే ఆ నిర్ణయం తీసుకున్నట్టుగా. అని లోపలికొచ్చేశాడు.

వంటింట్లో భార్య ఆయనకేసి తిరగలేదు.

ఊళ్లో ఆమెను అందరూ కోచమ్మ అంటారు. పెళ్లికి ముందు ఈ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బులోనే ఎడమ వైపు ఆడేది. ఆ క్లబ్బుని పెట్టిందీ, ఇప్పటికీ దాని అధ్యక్షుడూ మామగారే. 'మా ఇంట్లో అందరూ కుడికాలి వాళ్లే, ఎడమకాలితో కొట్టే పిల్ల ఒక్కతైనా ఉండొద్దూ' అని ఏరికోరి కోడల్ని చేసుకున్నాడు. మోకాలు దెబ్బతిన్నాక ఆమె ఆడపిల్లల జట్టుకి కోచ్ అయింది. ఈ ఏడు ఆ జట్టు లీగులో సెమీఫైనల్‌కి వచ్చింది. ఆదివారమే ఆట.

"సాయంత్రం క్లబ్బు కమిటీ మీటింగుంది," అన్నాడు ఆయన. "పాత లీగులోంచి బయటికొచ్చి కొత్త లీగులో చేరుతున్నాం."

"ఎవరు చేరుతున్నారు?"

"క్లబ్బు."

"క్లబ్బంటే ఎవరు?"

"క్లబ్బంటే క్లబ్బే. ప్రతిదానికీ పెడర్థాలు తియ్యకు."

కొత్త లీగు పుట్టి ఏడాది కాలేదు. దాన్ని కన్నది టైల్స్ ఫ్యాక్టరీ యజమాని. ఊరంతా ఆయన్ని టైల్స్ దొర అంటుంది. ఊదా పార్టీకి తలకాయ ఎవరో ఎవరికీ సరిగ్గా తెలియదు గానీ, జేబు మాత్రం ఆయనేనని అందరికీ తెలుసు.

"కొత్త లీగులో ఆడవాళ్ల పోటీ ఉందా?" అని అడిగింది.

"ప్రస్తుతానికి లేదు. రెండో దశలో పెడతారు."

"రెండో దశ అంటే ఎప్పుడు?"

"మొదటి దశ అయ్యాక."

ఆయన నవ్వులాటకి అనలేదు. అదే ఆమెకి ఆశ్చర్యం. ఇంత గంభీరంగా ఇంత ఖాళీ మాట చెప్పగలిగేవాడితో ఎనిమిదేళ్లుగా ఒకే కంచంలో తిన్నంత చనువుగా కాపురం చేసింది.

"మరి ఆదివారం ఆట?"

ఆయన ఫోను వైపు చూసుకున్నాడు. తుడిచిన కప్పునే ఆమె మళ్లీ తుడిచింది. చివరికి ఆయనే అన్నాడు: "లీగులోంచి తప్పుకున్నాక ఇంక ఆ ఆటెక్కడిది?"

"పిల్లలకి ఎవరు చెప్తారు? మీరా?"

"చూడు, ఐదేళ్లు ప్రతిపక్షంలో కూర్చుని ఏం పొడిచాను? మన వార్డులో ఒక్క వీధిదీపం వేయించలేకపోయాను. మురుగుకాలవ మీద రాయి తెచ్చి పెట్టమంటే నవ్వారు. ఆ పక్కకెళ్లి కూర్చున్న మర్నాడే లారీ వచ్చింది. అది నీకు కనపడదు."

కనపడింది. అందులో నిజం లేకపోలేదు. దానివల్లే ఆమెకి మరింత రోత పుట్టింది. పచ్చి అబద్ధాన్ని మెడపట్టి గెంటొచ్చు. ఒంటికి కాస్త నిజం పులుముకుని తిరిగేదాన్ని పట్టుకుంటే చేతికి జారిపోతుంది.

"అలా చూడకు," అన్నాడు.

"ఎలా?"

"ఊసరవెల్లిని చూసినట్టు."

"ఊసరవెల్లి ప్రాణభయంతో రంగు మారుస్తుందండీ. పాపం, దాన్నెందుకు మధ్యలోకి లాగడం?"

ఆయన ముఖం గంటుపెట్టుకున్నా గొంతు మాత్రం తగ్గించాడు. అడగాల్సినదేదో ఇంకా మిగిలి ఉందన్నమాట. "మీటింగయ్యాక మైదానంలో సభ. స్టేజీ మీద నీకో కుర్చీ వేయించాను. మహిళా క్రీడా విభాగం కన్వీనర్. నేనే మాట్లాడి ఇప్పించాను."

"ఆడే ఆడవాళ్లని తీసేసి, ఆడవాళ్ల విభాగమా? ఊరు లేని చోట పొలిమేరగా నన్ను నిలబెడతారా?"

"నువ్వు రాకపోతే ఇంకెవరో వస్తారు. ఖాళీ కుర్చీతో ఎవరూ స్టేజీ పెట్టరు."

"అయితే తొందరగా వెతుక్కోండి."

ఆయన గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. ఏదో అనబోయి, అనకుండా వెళ్లిపోయాడు. కౌన్సిలర్ మాట మింగడం ఆ ఇంట్లో చాలా అరుదు. అంత అరుదైన సంగతిని కూడా ఆమె పట్టించుకోలేదు.

టీ పట్టుకుని మామగారి గదిలోకి వెళ్లింది.

ఆయన కిటికీకి వీపు పెట్టి, గోడకున్న ఫొటోలకేసి కూర్చున్నాడు. పాత జట్లు, పాత కప్పులు. ఒక ఫొటోలో ఆయనే సున్నం బకెట్టుతో వంగి మైదానంలో గీత గీస్తున్నాడు. ఆడపిల్లల జట్టు పెట్టిన రోజున తీసింది. ఆవేళ ఊరి పెద్దమనుషులు ముక్కున వేలేసుకుంటే, 'మీ రంగులన్నీ గేటు బయట వదిలేసి రండి. ఇక్కడున్నవి తెల్లగీతలే' అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆమె ఈ ఇంట్లో చాలా సంగతులు భరించింది.

"మావయ్యా, మీరేం మాట్లాడక్కర్లేదు. వింటే చాలు."

ఆయన కదల్లేదు.

"లాయరూ, ఐస్ ఫ్యాక్టరీ ఓనరూ మీ అబ్బాయి వైపే. ముగ్గురవుతారు. మందుల షాపాయనా, హెడ్‌మాస్టరుగారూ మన వైపు. కమిటీలో ఒక ఆడమనిషి ఉండాలన్న రూలు కోసం అత్తయ్య పేరు రాశారు కదా, ఆవిణ్ని నేను తీసుకొస్తాను. చెరి ముగ్గురైతే నిర్ణయం అధ్యక్షుడిది. మీది."

టీ మీద మీగడ కట్టింది. ఆమె లేచి గుమ్మం దాకా వచ్చాక వెనక నుంచి గొంతు వినపడింది. మూడు రోజుల తర్వాత ఆ ఇంట్లో ఆయన అన్న మొదటి మాట అది.

"హెడ్‌మాస్టరు ఖాయంగా వస్తాడా?"

"వస్తారు మావయ్యా."

"సరే."

ఆ 'సరే'కి ఆమె ఒళ్లంతా తేలికైపోయింది. పెద్దాయన మన తరఫున లెక్కలేస్తున్నాడు! నడవాలో నడుస్తూ, పిల్లల్లో ఆదివారం ఎవరిని ఎక్కడ ఆడించాలో ఆలోచించడం కూడా మొదలుపెట్టింది.

మధ్యాహ్నం వీధిలో కారాగింది. దిగినవాడు టైల్స్ దొర.

అత్తగారు అప్పటికీ గేట్లోనే ఉంది. ఇంటికొచ్చిన మనిషిని అడ్డగించడం ఆవిడకి చేతకాదు. లేచింది. లేవగానే రంగులాయన రెండో రెక్క మీద పడ్డాడు.

దొర తిన్నగా పెద్దాయన గదిలోకి వెళ్లాడు. తలుపు మూసుకుంది. కాసేపయ్యాక అత్తగారు మంచినీళ్లు పట్టుకుని లోపలికి వెళ్లింది. ఆవిడ బయటికొచ్చేలోపే లోపల నవ్వులు వినపడ్డాయి. ఒకటి దొరది. రెండోదెవరిదో పోల్చుకోవడానికి కోడలికి కొంచెం సమయం పట్టింది. మూడు రోజులుగా ఆ నవ్వు వినలేదు మరి.

కారు వెళ్లిపోయింది. గదిలోంచి కేక: "ఇస్త్రీ చొక్కా ఎక్కడుంది?"

అత్తగారు వంటింట్లోకి వచ్చి, ఖాళీ గ్లాసు గట్టు మీద బోర్లించింది.

"ఏమైందత్తయ్యా?"

"మీ మావయ్యకి మాటొచ్చింది."

"ఏమన్నారు?"

"'అక్షరాలు ఎంత ఎత్తుంటాయి?' అన్నాడు."

కోడలికి అర్థం కాలేదు.

"కొత్త స్టేడియంలో పడమటి గ్యాలరీకి ఈయన పేరు పెడతారట. కొత్త లీగుకి గౌరవాధ్యక్షుడట. అక్షరాలు మనిషెత్తుంటాయన్నాడు ఆ దొర. 'రోడ్డు మీంచి కనపడతాయా?' అని అడిగాడు మన మహానుభావుడు." ఆవిడ ఎత్తుపీట లాక్కుని కూర్చుంది. "మూడు రోజులూ పార్టీ పోయిందని కుమిలిపోతున్నాడనుకున్నానే! అన్నం కలిపి పెట్టానే! తండ్రిని బేరానికి పిలవకుండా కొడుకొక్కడే వెళ్లాడని అలిగాడే ఆ మనిషి!"

కోచమ్మకి పొద్దుటి ప్రశ్న గుర్తొచ్చింది. హెడ్‌మాస్టరు ఖాయంగా వస్తాడా. చెరి ముగ్గురవుతారా. అవును, ఆయన ఓటుకి విలువ ఉంటేనే కదా ధర పలికేది. ఆ విలువెంతో తనే టీ కప్పుతో సహా తీసుకెళ్లి చేతికందించింది. తన మీద తనకే అసహ్యం వేసింది. ఇంట్లో ఎత్తుకు పై ఎత్తు వేసే ఘటికులు ఇద్దరుంటే, ఆ ఇద్దరికీ బంతులందించే పని తనది.

"ఆ కమిటీలో నా పేరుందటగా?" అంది అత్తగారు.

"ఎప్పట్నుంచో ఉందత్తయ్యా."

"ఏనాడైనా పిలిచారా నన్ను?"

"మీటింగులప్పుడు టీ పంపమని పిలిచేవాళ్లు."

"ఇవాళ టీ పంపను. నేనే వస్తా. చెప్పులు తే."

"వచ్చినా లాభం లేదత్తయ్యా. చెరి ముగ్గురైతే మావయ్యదే కదా ఓటు. ఆయన ఎటో తెలిసిపోయిందిగా."

"తెలుసు." ఆవిడ చీర కుచ్చిళ్లు సర్దుకుంది. "నేను రాకపోతే మావాడి వైపు ముగ్గురూ, నీ వైపు ఇద్దరూ, అంతటితో సరి. ఆయన చెయ్యి కదపక్కర్లేదు. 'నేనేం చెయ్యను, మెజారిటీ అలా ఉంది' అని పెద్దమనిషిలా ఇంటికొచ్చి అన్నం పెట్టమంటాడు. నేనొస్తే ఆయనే ఎత్తాలి. ఆ చెయ్యి ఎలా లేస్తుందో నేను చూడాలి."

క్లబ్బు వెనక మెట్ల మీద పిల్లలందరూ ఆట దుస్తుల్లోనే కూర్చుని ఉన్నారు. ముందు వైపు మైదానంలో స్టేజీ కట్టేవాళ్లు గోల్‌పోస్టు పీకి పక్కన పడేశారు. పెనాల్టీ గీత మీద కుర్చీలు దింపుతున్నారు.

కెప్టెన్ లేచి ఎదురొచ్చింది. బట్టల షాపులో బిల్లులు కొట్టే పిల్ల. పగలంతా నిలబడి పనిచేసి, సాయంత్రం అందరికంటే ఎక్కువ పరిగెత్తుతుంది.

"మేడమ్, మీతో ఒక మాట చెప్పాలి."

"తర్వాత."

"అది కాదు మేడమ్, ఇందాక సార్ షాపుకొచ్చి..."

"మీటింగయ్యాక వింటానమ్మా. ముందు ఇది కానీ."

కమిటీ గదిలో పొడుగు బల్ల, దాని చుట్టూ కుర్చీలు, గోడనిండా కప్పులు. అత్తగారు గుమ్మంలో కనపడేసరికి కౌన్సిలర్ లేచి నిలబడ్డాడు.

"అమ్మా, నువ్వెందుకొచ్చావ్?"

"సభ్యురాల్ని కదరా. నువ్వే ఇంటికొచ్చి సంతకం పెట్టించుకెళ్లావు."

ఆవిడ భర్తకి సరిగ్గా ఎదురుగా ఉన్న కుర్చీ ఏరుకుని కూర్చుంది. ఓటు లేని కోచమ్మ గోడవారగా నిలబడింది. పెద్దాయన ఇస్త్రీ చొక్కాలో, దువ్విన తలతో, బల్ల మీదున్న నీళ్ల సీసాని దీక్షగా చూస్తున్నాడు.

లాయరు తీర్మానం చదివాడు. పార్టీలు ఎన్ని మారినా ఆయన గొంతు ఒక్కటే, కోర్టులో వాయిదా అడిగే గొంతు. మారుతున్న క్రీడా ముఖచిత్రం, విస్తృత ప్రయోజనాలు, చారిత్రక అవకాశం. ఆడపిల్లల జట్టు పేరు ఎక్కడా రాలేదు. చివర్లో 'తాత్కాలిక సర్దుబాట్లు' అని ఒక ముక్క వచ్చింది. పద్దెనిమిది మంది పిల్లలూ ఆ ముక్కలో ఇమిడిపోయారు.

హెడ్‌మాస్టరు లేచి, ఇది ఎంతమాత్రం సమంజసం కాదన్నాడు. ఆయనకి ఏదీ సమంజసం కాదు. క్లబ్బు గదికి ఫ్యాను పెట్టిస్తామన్నప్పుడూ ఇదే అన్నాడు. ఇవాళ పొరపాటున సరైన పక్కన ఉన్నాడు, అంతే.

మందుల షాపాయన చెమట తుడుచుకున్నాడు. "మా అమ్మాయి డిఫెన్సులో ఆడుతోంది కాబట్టి... అంటే నేను ఎవరికీ వ్యతిరేకం కాదు... దొరగారన్నా నాకు గౌరవమే..."

"ఆయన షాపు దొరగారి కాంప్లెక్సులోనే ఉంది కదండీ, గౌరవం ఉండదా మరి," అన్నాడు ఐస్ ఫ్యాక్టరీ ఓనరు. ఒక్కడే నవ్వుకున్నాడు.

"చేతులెత్తండి," అన్నాడు లాయరు. "అనుకూలం?"

మూడు చేతులు చకచకా లేచాయి. అలవాటైన చేతులు.

"వ్యతిరేకం?"

హెడ్‌మాస్టరు చెయ్యి లేచింది. అత్తగారి చెయ్యి, పైన తిరిగే ఫ్యానుకి సవాలు విసురుతున్నట్టు నిటారుగా లేచింది. మందుల షాపాయన చెయ్యి చెవి దాకా వచ్చి, చెవి గోక్కుంటున్నట్టు అక్కడే ఆగింది.

"అది ఓటేనా నాయనా, దురదా?" అంది అత్తగారు.

ఆయన కళ్లు మూసుకుని చెయ్యి పైకెత్తేశాడు.

"చెరి ముగ్గురు," అన్నాడు లాయరు, సీసా మూత విప్పుతూ. "ఇప్పుడు అధ్యక్షులవారు..."

బయట మైకు పరీక్షిస్తున్నారు. ఒకటీ, రెండూ, ఒకటీ, రెండూ. దానికి మూడో అంకె తెలియనట్టుంది.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "కాలం మారుతోంది. సంస్థలన్నాక కాలంతో పాటు నడవాలి. నేను మొక్కలా నాటిన ఈ క్లబ్బు..."

"ఉపన్యాసం స్టేజీ మీద ఇద్దురు గాని," అంది ఆవిడ. "ఇక్కడ చెయ్యెత్తితే చాలు."

"ఎటు ఎత్తాలో నాకు తెలుసు."

"మీకు తెలుసని తెలిసే వచ్చాను."

ఆయన కోడలి వైపు ఒక్కసారి చూశాడు. అర క్షణం. ఆ అర క్షణంలో ఆమెకి పాపం అనిపించి ఉండేదే, ఆయన చూపు వెంటనే తన చొక్కా కాలరు మీదికి మళ్లి ఉండకపోతే. చెయ్యి లేచింది. భుజం దాటలేదు. జనంలో బస్సు ఆపేవాడు కూడా అంతకంటే ధైర్యంగా ఎత్తుతాడు.

"అనుకూలం," అన్నాడు లాయరు. "తీర్మానం నెగ్గింది."

ఐస్ ఫ్యాక్టరీ ఓనరు చప్పట్లు కొట్టి, ఇంకెవరూ కొట్టట్లేదని తెలిసి, అరచేతులు రుద్దుకుంటూ కూర్చున్నాడు.

అత్తగారు లేచింది. "లాయరుగారూ, ఇది కూడా చెప్తున్నా వినండి. నేనీ కమిటీలోంచి తప్పుకుంటున్నా."

"ఇంటికి పద, మాట్లాడుకుందాం," అన్నాడు పెద్దాయన.

"ఏ ఇంటికండీ? పార్టీలు మారడం మీ మగవాళ్లకేనా రాసిచ్చారు? ఇవాళ నేనూ మారుతున్నా."

"ఏ పార్టీలోకమ్మా?" అన్నాడు ఐస్ ఫ్యాక్టరీ ఓనరు సరదాగా.

"మా కోడలి పార్టీలోకి. గ్యాలరీలూ గట్రా ఏం లేవు. పదవి నేనడగలేదు, అదివ్వలేదు."

"అమ్మా, బయట జనం ఉన్నారు. పరువు..." అంటూ కౌన్సిలర్ ఆవిడ చెయ్యి పట్టుకోబోయాడు. ఆవిడ చూసిన చూపుకి ఆ చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లిపోయింది.

"ఇన్నేళ్లు కాపురం చేసి," పెద్దాయన గొంతు వణికింది. అది నిజమైన వణుకే. "ఇన్నేళ్లు నా పక్కనుండి, ఇవాళ నలుగురిలో..."

"ఇన్నేళ్లూ మీ పక్కన లేనండీ. ఎదురుగానే ఉన్నాను. మీరెప్పుడూ తలెత్తి చూడలేదు."

కోచమ్మ అత్తగారి వెనకే బయటికి నడిచింది. తలుపు దగ్గర భర్త దారిచ్చాడు. ఆయన పెదాలు ఏదో అంటున్నట్టు కదిలాయి. ఆమె వినలేదు.

వెనక మెట్ల మీద సంగతి అప్పటికే తెలిసిపోయింది. మందుల షాపాయన కూతురు మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడుస్తోంది. గోల్‌కీపరు చేతి తొడుగులు విప్పి, మళ్లీ తొడుక్కుని, మళ్లీ విప్పింది.

"ఏడవకండి," అంది కోచమ్మ. తన గొంతు తనకే మొరటుగా వినపడింది. "పాత లీగు మనల్ని తరమలేదు. క్లబ్బు తప్పుకుంది, మనం తప్పుకోలేదు. రేపటిలోగా ఏదైనా ఒక సంఘం మన జట్టు మాదీ అని చెప్తే, ఆదివారం ఆడొచ్చు."

"ఏ సంఘం మేడమ్?" అంది గోల్‌కీపరు. "ఊళ్లో ఉన్నదంతా ఇప్పుడు ఊదాయేగా."

అదే ఆమెకీ తెలియలేదు. మెట్టు మీద కూర్చుంది. అత్తగారు పక్కనే చతికిలబడి, చెప్పులు విప్పి, కాళ్లు నొక్కుకుంది.

"మనమే ఒకటి పెట్టుకుంటే ఒప్పుకోరా?"

"ఒప్పుకుంటారత్తయ్యా. ఒక పేరుండాలి. బాధ్యతకి ఒక అధ్యక్షుడుండాలి."

"అధ్యక్షుడవడానికి ఏం రావాలి?"

"ఏమీ రానక్కర్లేదు."

"అది నేనూ ఇన్నేళ్లుగా చూస్తూనే ఉన్నాలే," అంది ఆవిడ. "అయితే నన్ను పెట్టుకోండి."

ఏడుస్తున్న పిల్ల ముక్కు చీదుతూ నవ్వింది. ఇంకొకత్తె నవ్వింది. పొద్దుటి నుంచీ మొదటిసారి కోచమ్మకీ నవ్వొచ్చింది. తలెత్తి, అలవాటుగా పిల్లల్ని లెక్కపెట్టింది. ఒకరు తగ్గారు.

"కెప్టెనేది?"

గోల్‌కీపరు తొడుగుల్లోకి చూసుకుంది.

"ఏదమ్మా?"

"ఇందాక కౌన్సిలర్ సార్ మనుషులొచ్చారు మేడమ్. మీకు చెప్పే వెళ్తానంది. వాళ్లు మీటింగు గదిలోకి రానివ్వలేదు."

మైదానంలో చప్పట్లు మోగాయి. భవనానికి అవతల నుంచి కౌన్సిలర్ గొంతు మైకులో గంభీరంగా లేచింది: "మన ఊరి ఆడబిడ్డలంతా మనవెంటే ఉన్నారని చెప్పడానికి, మహిళా క్రీడా విభాగం కొత్త కన్వీనర్, మన జట్టు కెప్టెన్..."

మళ్లీ చప్పట్లు. ఆ తర్వాత ఒక సన్నని గొంతు. "అందరికీ నమస్కారం."

పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"సిగ్గులేనిది," అంది మందుల షాపాయన కూతురు. "ఉద్యోగం ఇస్తామని ఉంటారు. అమ్ముడుపోయింది."

కోచమ్మ ఆ మాటకి అవునని తల ఊపబోయింది. పొద్దుటి నుంచీ మొగుణ్నీ, మామగారినీ, లాయర్నీ, ఐస్ ఫ్యాక్టరీవాణ్నీ ఒక్కొక్కణ్నీ వరసపెట్టి ఛీ కొట్టడం ఎంత సులువుగా సాగిందో! ఈ పిల్ల దగ్గరికొచ్చేసరికి ఆ ఛీత్కారం గొంతులోంచి రావట్లేదు. పగలంతా నిలబడి వాచిన ఆ పిల్ల కాళ్లకి తనే ఎన్నోసార్లు కట్టు కట్టింది. ఆ పిల్ల ఒక మాట చెప్పాలని వస్తే, తనకి ఓటే లేని మీటింగు కోసం తనే 'తర్వాత' అని తోసేసి పోయింది.

"ఎవరే ఆ పిల్ల?" అంది అత్తగారు. "మనదేనా?"

మైకులో గొంతు ఎవరో రాసిచ్చిన మాటలు చదువుతోంది. కొత్త లీగుకి కృతజ్ఞతలు. దొరగారికి కృతజ్ఞతలు. పెద్దాయనకి కృతజ్ఞతలు. ప్రతి కృతజ్ఞతకీ చప్పట్లు.

"ఇంకా..." అంది ఆ గొంతు. మైకులో కాగితం గరగరలాడింది. "ఇంకా, మా కోచమ్మ..."

అక్కడ ఆగిపోయింది.

మైకులో ఊపిరి వినపడుతోంది. జనం చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక ఆగారు. "చదువమ్మా, చదువు," అని కౌన్సిలర్ మెల్లగా అనడం కూడా మైకులో వినపడింది.

కోచమ్మ లేచింది. మెట్లు దిగి, గోడ మలుపు తిరిగి, స్టేజీ వైపు నడిచింది.